వాన వెంట పోయే చిలుక

చిలుక అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేవి మూడు. ఒకటి, జామచెట్టు మీద వాలి సగం కొరికిన కాయను కింద పడేసే రామచిలుక. రెండు, జోస్యం చెప్పేవాడి పంజరంలోంచి బయటికొచ్చి కార్డు తీసి, మళ్ళీ బుద్ధిగా లోపలికి పోయే చిలుక. మూడు, భక్త రామదాసు కథలోని చిలుక. పూర్వజన్మలో ఒక చిలుకను పన్నెండేళ్ళు పంజరంలో పెట్టిన పాపానికే రామదాసు గోల్కొండ ఖైదులో పన్నెండేళ్ళు మగ్గాడని మా నాయనమ్మ చెబుతుండేది.

రైతు బిడ్డనైన నాకు నాలుగో చిలుక కూడా ఉంది. అది జొన్నచేను మీద గుంపుగా పడే చిలుక. మా ఊరు జనగామ వైపు. వానను నమ్ముకున్న మెట్ట సేద్యం. చిన్నప్పుడు బడి లేని రోజున మంచె ఎక్కి డబ్బా వాయించడం నా పని, వడిసెల తిప్పడం మా నాయన పని. చిలుక తినేది పిడికెడైతే రాల్చేది దోసెడు. అందుచేత కవులు ఆ పక్షిని ఎంత పొగిడినా నాకు మాత్రం దాని మీద పగే ఉండేది.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఐదో చిలుక సంగతి. అది చిలుకేనని మనలో చాలామందికి తెలియదు. మనం దాన్ని ‘లవ్ బర్డ్స్’ అంటాం. ఉప్పల్ చౌరస్తా నుంచి నాచారం దాకా ఏ వీధిలో నడిచినా ఏదో ఒక వరండాలోనో, అద్దాల తొట్లలో చేపలమ్మే ఏదో ఒక దుకాణం ముందరో కిచకిచమంటూ కనిపిస్తాయి. ఆ పక్షి విషయంలో నేనొక తప్పు చేశాను. ఆ తప్పే నన్ను లైబ్రరీకి పంపింది. కనుక ముందు ఆ తప్పు చెప్పి, తరువాత శాస్త్రం చెబుతాను.

నాచారంలో నేను సంపాదించిన పుణ్యం

నేను నాచారంలో ఒక ఇంటి మీది గదిలో అద్దెకు ఉంటున్నాను. మా ఓనరమ్మ మేడ మీద రేకుల కింద ఒక పంజరంలో నాలుగు లవ్ బర్డ్స్ పెంచుకునేది. రెండు ఆకుపచ్చవి, ఒకటి పసుపుపచ్చది, ఒకటి నీలంది. కిందటి వేసవిలో ఆమె చుట్టాల పెళ్ళికని భువనగిరి పోతూ, “మూడు రోజులు గింజలు, నీళ్ళు చూసుకో బాబూ” అని నాకు అప్పగించింది.

రెండో రోజు పొద్దున గింజలు పోస్తుంటే నీలం పిట్ట ఒక మూల ముడుచుకుని కనిపించింది. తక్కిన మూడూ దాన్ని పొడుస్తున్నాయి. నాకు నాయనమ్మ చెప్పిన రామదాసు కథ గుర్తొచ్చింది. జాలి పుట్టింది. ఆ జాలిలోనే పంజరం తలుపు తీసి పట్టుకున్నాను. మూడూ కదలలేదు. నీలంది మాత్రం వచ్చి తలుపు అంచు మీద ఒక్క క్షణం కూర్చుని, తుర్రుమని సందుకు అవతలున్న వేపచెట్టు మీదికి పోయింది. ఆ పూటంతా నేను ఏదో ఘనకార్యం చేసినవాడిలా ఛాతీ విరుచుకుని తిరిగాను.

సాయంకాలానికి రెండు కాకులు దాన్ని తరుముతున్నాయి. అది కేబుల్ వైరు మీద వాలుతుంది, అవి వస్తాయి, అది మళ్ళీ ఎగురుతుంది. చీకటి పడ్డాక కనిపించలేదు. మరునాడు మధ్యాహ్నం మా మేడ మీది నీళ్ళ ట్యాంకు పక్కనే చచ్చి పడి ఉంది. జానెడు దూరంలో ట్యాంకు కారుతూ మడుగు కట్టి ఉంది. పుట్టిన దగ్గరనుంచీ ప్లాస్టిక్ గిన్నెలో తప్ప నీళ్ళు ఎరగని పిట్టకు అవి నీళ్ళని తెలిసిందో లేదో!

ఓనరమ్మ వచ్చాక ఉన్నదున్నట్టు చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె చాలాసేపు పంజరం వైపే చూసి, “పుణ్యమొస్తదనుకున్నవా బాబూ?” అని మాత్రం అన్నది. తిట్టినా బాగుండేది.

పేరులోనే పొరపాటు

లైబ్రరీలో నాకు మొదట తెలిసిన సంగతి ఏమంటే, మన లవ్ బర్డ్స్ అసలు లవ్ బర్డ్సే కావు! నిజమైన లవ్ బర్డ్స్ అనేవి తొమ్మిది జాతుల పొట్టితోక చిలుకలు. వాటి పుట్టిల్లు ఆఫ్రికా ఖండం. మనం పెంచేది ‘బడ్జెరిగర్’ అనే ఆస్ట్రేలియా చిలుక. ముద్దుపేరు బడ్జీ. శాస్త్రీయ నామం మెలాప్సిట్టకస్ అండ్యులేటస్. అనగా ‘అలలు అలలుగా చారలున్న, పాట పాడే చిలుక’ అని అర్థం. 1805లో జార్జ్ షా అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దీన్ని వర్ణించాడు. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు ఆస్ట్రేలియా నుంచి ప్రాణంతో ఉన్న బడ్జీలను ఇంగ్లండుకు తీసుకుపోయాడు. అప్పటినుంచి ఇది దేశదేశాల పంజరాలకు ఎక్కింది.

1960లో ఆస్ట్రేలియా ప్రభుత్వం తమ దేశపు పక్షులను వ్యాపారానికి ఎగుమతి చేయడాన్ని నిషేధించింది. కనుక నేడు మన నగరంలో అమ్ముడయ్యే బడ్జీలు అడవిలో పట్టి తెచ్చినవి కావు. తరతరాలుగా పంజరంలోనే పుట్టి పెరిగినవి. మన రామచిలుక సంగతి వేరు. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. దాన్ని పట్టినా, అమ్మినా, ఇంట్లో పెంచినా నేరమే. ఇది తెలియక మన బంధువుల ఇళ్ళలో ఇంకా పెంచుతున్నవారు ఉంటే ఈ వ్యాసం చూపించగలరు.

పంజరం లేనిచోట ఈ పక్షి ఎలా బ్రతుకుతుంది?

అడవి బడ్జీ మూరెడు కూడా ఉండదు. తోకతో కలిపి సుమారు 18 సెంటీమీటర్లు. బరువు 30 గ్రాములకు అటూ ఇటూ. మన రామచిలుక పొడవులో సగం కూడా లేదు. ఒళ్ళు ఆకుపచ్చ, మొహం పసుపుపచ్చ, వీపు మీద నల్లని చారలు, బుగ్గల మీద ఊదారంగు మచ్చలు. ముక్కు మొదట్లో మెత్తని తొడుగులాంటిది ఉంటుంది. ఎదిగిన మగదానికి అది నీలంగా, ఆడదానికి గోధుమరంగుగా ఉంటుంది.

దాని నివాసం ఆస్ట్రేలియా నడిభాగంలోని మెట్ట భూములు. మన హైదరాబాదులో సాలుకు సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అక్కడి నడిమధ్య ఊరైన ఆలిస్ స్ప్రింగ్స్‌లో 300 కూడా కురవదు. అదైనా మన నైరుతి రుతుపవనంలా ఒక నెలకు కట్టుబడి రాదు. ఒక ఏడు ముంచుతుంది, రెండేళ్ళు ఎండబెడుతుంది. ఇక్కడ కురిస్తే పక్క తావున కురవదు.

ఈ మాట చదివినప్పుడు నాకు మా నాయన జ్ఞాపకం వచ్చాడు. మృగశిర కార్తె వస్తే చాలు, గట్టు మీద నిలబడి మబ్బు చూస్తుంటాడు. ఉప్పల్‌లో చినుకు పడిందని ఫోను చేస్తే, “మీకు పడితే మాకేం లాభం బిడ్డా” అంటాడు. రైతుకు కాళ్ళున్నా పొలానికి కాళ్ళు లేవు. వాన ఎక్కడ పడితే అక్కడికి పోలేడు.

బడ్జీ పోతుంది! అదే దాని బ్రతుకు సూత్రం. ఈ పక్షికి సొంత ఊరంటూ లేదు. గుంపులు గుంపులుగా, మంచి కాలంలో వేలకు వేలుగా, వాన కురిసి గడ్డి గింజ పట్టిన తావును వెతుక్కుంటూ సంచారం చేస్తుంది. దాని తిండి ప్రధానంగా నేలమీది గడ్డిగింజలు. స్పినిఫెక్స్, మిచెల్ గడ్డి వంటివి. పండుతున్న గోధుమచేల మీద పడడం కూడా ఉన్నది. అక్కడి రైతులకూ వడిసెల అవసరమే అన్నమాట! ముక్కుతో గింజను పట్టి, నాలుకతో తిప్పుతూ పొట్టు వొలిచి లోపలి పప్పు మాత్రమే మింగుతుంది. మన ఇళ్ళలో “గిన్నె నిండా గింజలున్నాయి కదా” అని చూసి పోతాం. అది చాలాసార్లు ఒట్టి పొట్టు. ఊది చూస్తే తెలుస్తుంది.

వాన కురిసి గింజ పండుతుందంటే ఈ పక్షులు ఆలస్యం చేయవు. నీలగిరి జాతి చెట్ల తొర్రల్లో గుడ్లు పెడతాయి. పుల్లలు పేర్చి గూడు కట్టే పని లేదు. ఒకే చెట్టులో పక్కపక్క తొర్రల్లో పలు కాపురాలు! నాలుగు నుంచి ఆరు తెల్లని గుడ్లు. పొదగడం ఆడదాని వంతు, దానికి తిండి తెచ్చి నోట్లో పెట్టడం మగదాని వంతు. పద్దెనిమిది రోజులకు పిల్లలు పొదుగుతాయి. ఐదు వారాలకల్లా గూడు విడుస్తాయి. అవి కూడా కొద్ది నెలల్లోనే తల్లిదండ్రులు కాగలవు. వాన ఎప్పుడొస్తుందో తెలియదు కనుక మగపక్షి శరీరం ఏడాదిలో చాలా కాలం సంతానానికి సిద్ధంగానే ఉంటుందని పరిశోధకులు గమనించారు. దుక్కి దున్ని, విత్తనం సంచి దగ్గర పెట్టుకుని కూర్చున్న రైతులాగా.

అలాగని అది ఎండకు లొంగనిదేమీ కాదు. 2009 జనవరిలో, అనగా అక్కడి నడివేసవిలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో వరుసగా కొన్ని రోజులు 45 డిగ్రీలు దాటిన ఎండకు వేలాది చిన్న పక్షులు చనిపోయాయి. వాటిలో బడ్జీలూ ఎక్కువే. ఎడారి పక్షే అలా రాలిపోతే, మే నెలలో మన రేకుల కింద వేలాడే పంజరం మాటేమిటో ఆలోచించండి. అడవిలో నీడకో నీటికో ఎగిరిపోయే దారి ఉంది. పంజరంలో అదీ లేదు.

ఆకుపచ్చ రంగు లేని ఆకుపచ్చ పక్షి

ఇక సైన్సు విద్యార్థిగా నన్ను ఎక్కువ ఆశ్చర్యపరచిన విషయం రంగు. బడ్జీ ఈకలో ఆకుపచ్చ రంగు పదార్థమే లేదు! అక్కడ ఉన్నవి రెండు. ఒకటి, చిలుకల జాతిలో మాత్రమే కనిపించే ‘సిట్టకోఫల్విన్’ అనే పసుపు వర్ణకం. రెండు, ఈక లోపలి కెరాటిన్‌లోని అతి సూక్ష్మమైన స్పంజువంటి నిర్మాణం. ఆ నిర్మాణం కాంతిలో నీలాన్ని మాత్రమే తిరిగి పంపుతుంది. వెనకనున్న నల్లని మెలనిన్ మిగతా కాంతిని మింగేస్తుంది. నీలం మీద పసుపు పరిస్తే ఆకుపచ్చ. మనం చిన్నప్పుడు డ్రాయింగు క్లాసులో చేసిన పనే!

మరి నీలం బడ్జీ ఎక్కడిది? పసుపు తయారు చేసే జన్యువులో చిన్న లోపం వస్తే పసుపు పోయి అడుగునున్న నీలం బయటపడుతుంది. ఆ జన్యువు ఏదో, అందులో మార్పు ఏమిటో 2017లో శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీనులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది, అంతే. అదేవిధంగా మెలనిన్ లోపిస్తే నీలం కనబడక పసుపు పిట్ట అవుతుంది. నీలం గుణం అంతర్గతం. అనగా తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడుతుంది. ఆకుపచ్చ జంట రెండూ ఆ లోపాన్ని దాచుకుని ఉంటే పిల్లల్లో సగటున నాలుగింట ఒకటి నీలం. మెండెల్ బఠాణీల లెక్క ఓనరమ్మ పంజరంలో కూడా పనిచేస్తుందన్నమాట. పందొమ్మిదవ శతాబ్దం చివర్లో యూరప్‌లో ఇలాంటి రంగు పిట్టలను ఏరి, జతకట్టించి వృద్ధి చేశారు. కొన్నవాడికి ఆ రంగు ముచ్చట. పచ్చగడ్డిలో, పచ్చని ఆకుల్లో దాక్కోవలసిన పక్షికి మాత్రం అది గండం. నాచారం కాకులకు నా నీలం పిట్ట అంత దూరం నుంచే ఎందుకు కనిపించిందో ఇప్పుడు తెలిసింది.

మన కంటికి కనిపించని రంగులు కూడా ఈ పక్షి దగ్గర ఉన్నాయి. దాని నడినెత్తి ఈకలు, బుగ్గల ఈకలు అతినీలలోహిత కిరణాలను గ్రహించి మెరుస్తాయి. ఆ మెరుపు కనిపించకుండా లేపనం పూస్తే జత పక్షి అంతగా ఇష్టపడటం లేదని 2002లో ప్రచురితమైన ఒక పరిశోధన చెప్పింది.

గుంపు అంటే ఏమిటి?

వేల పక్షులు ఒకేసారి గాలిలో మలుపు తిరుగుతాయి గదా, ఒకదానికొకటి ఎందుకు గుద్దుకోవు? పుణెలో పుట్టి ఆస్ట్రేలియాలో పరిశోధనలు చేసిన మండ్యం శ్రీనివాసన్ బృందం దీన్ని పరీక్షించింది. ఒక పొడవాటి సొరంగం రెండు చివరల నుంచి రెండు బడ్జీలను ఎదురెదురుగా వదిలారు. ఎన్నిసార్లు వదిలినా ఒక్కసారీ ఢీకొనలేదు. చాలావరకు రెండూ తమ తమ కుడి వైపుకే ఒరిగాయి. పైగా ఒకటి కొంత ఎత్తున, మరొకటి కొంత దిగువన పోవడానికి చూశాయి. 2016లో ఈ ఫలితం వెలువడింది. ముప్ఫై గ్రాముల పిట్టకున్న ఈ క్రమశిక్షణ సాయంత్రం ఆరు గంటలకు ఉప్పల్ చౌరస్తాలో మనకుంటే ఎంత బాగుండును!

మాట సంగతి కూడా గుంపు సంగతే. జత కట్టేటప్పుడు మగ బడ్జీ తన ఆడపక్షి పిలుపును నేర్చుకుని అదేవిధంగా పిలుస్తుంది. వేల గొంతుల నడుమ తనవాళ్ళను గుర్తుపట్టే ఉపాయం అది. కాలిఫోర్నియాలో ‘పక్’ అనే బడ్జీకి 1,728 మాటలు వచ్చునని 1995లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. మనం దాన్ని వింతగా చెప్పుకుంటాం. తన జాతి పిలుపులు నేర్చుకోవడానికి పుట్టిన విద్యను ఆ పక్షి మనుషుల మీద ఖర్చు పెట్టింది. మాట నేర్పడానికని ఒంటరిగా ఒక్క బడ్జీనే పెంచేవారు ఈ ముక్క గమనించాలి.

అయితే వదిలేస్తే తప్పేమిటి?

ఇంత స్వేచ్ఛాజీవి కదా, మరి తలుపు తీస్తే తప్పేమిటని మిత్రులు అడగవచ్చు. నేను కూడా అలాగే అనుకున్నాను. తప్పు ఎక్కడుందంటే, బడ్జీకి స్వేచ్ఛ అంటే ఒట్టి ఆకాశం కాదు. గింజ ఎక్కడుందో, నీళ్ళు ఎక్కడున్నాయో, డేగ ఎటునుంచి వస్తుందో చూసే వేల కళ్ళ గుంపు. ఆ గుంపులోంచి తీసి, ఆ రంగు మార్చి, ఎన్నో తరాలు పంజరంలో పెంచి, చివరకు ఒక్కదాన్ని నాచారం వేపచెట్టు మీద వదిలితే దానికి మిగిలింది ఎగరడం మాత్రమే.

ఎక్కడా బ్రతకలేదా అంటే బ్రతికినచోటు ఒకటుంది. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో వదిలిన బడ్జీలు పెరిగి 1970, 80 దశకాల్లో వేలకు చేరాయి. తరువాత తగ్గుతూ వచ్చి దాదాపు కనుమరుగయ్యాయి. విచిత్రమేమంటే మన రామచిలుక అదే పరీక్షలో నెగ్గింది. పెంచేవారి చేతుల్లోంచి తప్పించుకుని, లండన్ చలిలో కూడా వేల సంఖ్యలో కాపురం పెట్టింది. ఒకటి వాన వెంట పోయే పక్షి. మరొకటి ఉన్నచోటనే జామకాయో, జొన్నకంకో, గోడలోని తొర్రో దొరకపుచ్చుకునే పక్షి. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రామచిలుకను రాష్ట్రపక్షిగా ప్రకటించింది. మా నాయనకు ఆ వార్త చెబితే, “నా చేను కూడా రాసియ్యమను” అన్నాడు.

కాబట్టి మిత్రులకు నా మనవి ఇది. ఇంట్లో లవ్ బర్డ్స్ ఉన్నవారు జాలిపడి బయట వదలకండి. ఒంటరిగా ఉంచకండి. నిలువు కన్నా అడ్డం వెడల్పున్న పంజరం ఇవ్వండి, దానికి ఎగిరే దారి అడ్డంగానే గదా. ఎండాకాలం రేకుల కింద నుంచి తీసి నీడన పెట్టండి. గింజల గిన్నెలో పొట్టు ఊది చూడండి. కొనాలనుకునేవారు కొనకముందు ఒక్కసారి పై సంగతులన్నీ తలచుకోండి. దయ ఉంటే చాలదు, ఎవరి మీద దయో వారి సంగతి కూడా తెలిసి ఉండాలని నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఓనరమ్మా నేనూ కలిసి ఆ పంజరాన్ని మెట్ల కింది చల్లని వసారాలోకి మార్చాం. మొన్న యూరియా పని మీద పట్నం వచ్చిన మా నాయన ఒక రాత్రి నా గదిలో ఉన్నాడు. పొద్దున్నే లేచి ఆ మూడు పిట్టల ముందు చాలాసేపు కూర్చున్నాడు.

“గివి గూడ చిలుకలేనా?”

“చిలుకలే నాయనా. ఆస్ట్రేలియావి.”

“జొన్న తింటయా?”

“జొన్న వీటికి పెద్దది. కొర్రలు ఇష్టంగా తింటయి.”

ఏమీ అనలేదు. నేను నేరం ఒప్పుకున్నట్టే నీలం పిట్ట సంగతి కూడా చెప్పాను. విన్నాడు. వారం తరువాత మా ఊరి పిలగాడొకడు వరంగల్ బస్సు దిగి, ఉప్పల్‌లో నాకొక చిన్న సంచి అందించాడు. మా గట్టు మీద పండిన కొర్రకంకులు. పైన కట్టిన గుడ్డముక్క నాకు ఎరుకే. మంచె మీద కూర్చున్నప్పుడు మా నాయన తలకు చుట్టుకునే పాత తువ్వాల ముక్క అది.